పొడి గాలి కోసం

లిబెరెత్స్ ఊళ్లో నీసా నది ఒకప్పుడు
రోజుకో రంగులో పారేదట,
ఉన్ని మిల్లు ఏ రంగు అద్దితే ఆ రంగులో.
జ్దిస్లావా చెప్తుంది, సూది కడుగుతూ.
పంతొమ్మిదో ఏట మగ్గం ముందు నిలబడ్డ మనిషి.
మిల్లు మూతబడ్డాక మా ల్యాబ్‌కి వచ్చింది,
నేలలు తుడవడానికి.
ఇప్పుడు సిరంజిలు నింపేది ఆమే.

మా మగ్గానికి కదురు లేదు, నాడె లేదు.
ఒక సూది. దాని మొనకు పద్దెనిమిది వేల వోల్టులు.
జానెడు దూరంలో గిర్రున తిరిగే డోలు,
డోలు ఒంటికి అల్యూమినియం రేకు.
మొన మీద జిగురు చుక్క
ముందు గుండ్రంగా ఉండి, తర్వాత శంకువులా సాగి
ఉన్నట్టుండి కనపడకుండా పోతుంది.
పోవడం కాదు.
కొరడాలా విదిలించుకుంటూ
దారమవుతుంది.
తలవెంట్రుకను నాలుగొందల పాయలు చీలిస్తే
అందులో ఒక్క పాయ.

పడుగూ పేకా లేని ఈ బట్ట
బ్యాటరీలో రెండు ధ్రువాల మధ్య తెర.
లిథియం రావచ్చు, పోవచ్చు, ఎన్నిసార్లయినా.
ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ మాత్రం ఒకదాన్నొకటి తాకకూడదు.
తాకితే మంట.
బజార్లో దొరికే తెర వేడికి ముడుచుకుపోతుంది,
పొయ్యి పక్కన మరిచిపోయిన ప్లాస్టిక్ సంచిలా.
మాది ముడుచుకోదని
నిధుల కోసం నేను పెట్టిన దరఖాస్తులో ఉంది.

అక్టోబరులో తొమ్మిది బిళ్ల సెల్లులు కట్టాం.
తొమ్మిదీ నలభయ్యో విడతకి ముందే చచ్చాయి.
ద్రావకం అన్నాను. తర్వాత ఉప్పు అన్నాను.
ప్రొఫెసర్ వోండ్రాచెక్ "డబ్బు" అన్నాడు, తలుపు వేసుకుంటూ.
ఆమె మైక్రోస్కోపు బొమ్మ ముందు నిలబడి
కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి
"పిల్లా, ఇవి ఉండలు" అంది.
పోగు పొడుగునా, పూసల్లా.
"తేమ. కొండల మీంచి వాన దిగుతుంటే
నా మోకాలికి తెలుస్తుంది,
నీ యంత్రానికి తెలియదా?"

మిల్లులో తేమే కావాలట వాళ్లకి.
పొడిగాలికి కరెంటు పుట్టి ఉన్ని లేచి ఎగురుతుందని,
పోగు తెగుతుందని,
బకెట్లతో నేల తడిపేవారట.
ముప్పయ్యేళ్లు ఏ కరెంటుని తరిమిందో
ఆ కరెంటు చేతే ఇప్పుడు నూలు వడికిస్తోంది.
ఇది చెప్పి ఆమె నవ్వలేదు. నేను నవ్వాను.
"నవ్వు తర్వాత. చలి రానీ."

జనవరి. బయట సున్నాకి పద్నాలుగు కింద.
ఊపిరి గడ్డకట్టి మఫ్లరు అంచున తెల్లగా.
అలాంటి గాలి లోపలికొచ్చి వెచ్చబడితే
వారం నాటి రొట్టెలా పొడి.
రాత్రి పదకొండింటికి ఫోను:
"లే. నా జుట్టు దువ్వెనకి అంటుకుంటోంది."

తెల్లారేదాకా వడికాం.
డోలు మీంచి విప్పిన తెరని,
ఊపిరి తగిలితే లేచిపోయే దాన్ని,
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుంది,
కళ్లు మూసుకుని,
బట్ట నాణ్యం చూసే పాత పద్ధతిలో.
చాలాసేపు.
"ఏమీ తెలియట్లేదు," అంది.
నలభై రకాల ఉన్నిని
చీకట్లో పేరు పెట్టి పిలిచిన వేళ్లు అవి.
ఏమనాలో తోచక
నేను స్విచ్చి ఆపాను,
అప్పటికే ఆపి ఉన్న స్విచ్చిని.

వేసవికి ఆ సెల్లు
మూడొందల పన్నెండో విడత దాటింది. ఇంకా నడుస్తోంది.
వ్యాసానికి రచయితలం నలుగురం.
ఆమె పేరు చివర, కృతజ్ఞతల్లో, ఒక అక్షరం తప్పుతో.
దిద్దమని రాశాను. జవాబు రాలేదు.

నాకు గుర్తుండేది మాత్రం ఆ రాత్రి తర్వాతి పొద్దు.
మొదటి ట్రామ్ వచ్చింది. చేతితొడుగు విప్పి
ఇనుప కడ్డీ పట్టుకోబోయి
ఆమె చటుక్కున చేయి లాక్కుంది.
చిటుక్కుమని ఒక నిప్పురవ్వ.
"ఇదిగో," అంది, ఆ వేలిని
నా ముఖానికి దగ్గరగా పెట్టి,
"ఇది తెలిసింది."